చలి కబురు

పోయిన జనవరిలో ఒక అర్ధరాత్రి, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని నాషువాలో, బనీను మీద నిలబడి చెమటలు కక్కుతూ హాల్లో కిటికీని బెత్తెడు పైకెత్తాను. బయట మైనస్ 20. ఇంట్లో 30. ఆ సందులోంచి వచ్చే గాలి మోకాళ్ళని కోస్తోంది, వీపు మాత్రం పెనం మీదే ఉంది. ఒకపక్క మాడి ఒకపక్క పచ్చిగా ఉన్న అప్పడాన్ని ఇక జన్మలో తిట్టకూడదనుకున్నాను. వెనకాల మూలలో పెల్లెట్ స్టవ్, అద్దం వెనక నారింజరంగు మంటతో, ఎవడబ్బ సొమ్మన్నట్టు గుళికలు మింగుతోంది.

“కిటికీ ఎందుకు తీశారండీ? బాలింత ఉన్న కొంప!” అన్నారు చీకట్లోంచి మా అత్తయ్యగారు.

మా ఆవిడ రెండో కాన్పుకి పురుడు పోయడానికని ఆవిడ నవంబరులో గుడివాడ నుంచి వచ్చారు. ఆరు నెలల వీసా, రెండు సూట్‌కేసులు. అందులో ఒకటి నిండా కాయం, శొంఠి, వాము, పాత చింతపండు, మెత్తటి పాత చీరలు. తేలేకపోయింది ఒక్క కుంపటే. మంచం కింద నిప్పులు, గదిలో సాంబ్రాణి ధూపం లేకుండా పురుడేమిటన్నది ఆవిడ బెంగ. మొదటివారం సాంబ్రాణి వెయ్యబోతే ఇంట్లో ఉన్న స్మోక్ అలారాలన్నీ ఒక్కసారి మొత్తుకున్నాయి. చంటిది గుక్కపట్టింది, పెద్దాడు చెవులు మూసుకుని గంతులేశాడు, నేను తువ్వాలు పుచ్చుకుని అలారం కింద విసనకర్ర సేవ చేశాను. ఆనాటి నుంచి ఆవిడ ఆశలన్నీ స్టవ్ మీదే పెట్టుకున్నారు. దేవుడు కుంపటిని కరెంటు పెట్టి పంపించాడని గుడివాడకి ఫోను చేసి చెప్పారు కూడా. 30 డిగ్రీలంటే ఆవిడ లెక్కలో వేడే కాదు, ఊళ్ళో సంక్రాంతి నాటి మధ్యాహ్నం.

పిల్లల డాక్టరేమో చంటిపిల్ల ఉన్న గది 22 దాటనివ్వద్దని మరీ మరీ చెప్పింది. ఆ ముక్క అత్తయ్యగారికి చెప్పే ధైర్యం నాకు లేక మా ఆవిడ చేత చెప్పించాను. “ఆవిడ ఎంతమందికి పురుడు పోసిందట?” అని అడిగారు.

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని మనవాళ్ళన్నది ధరల సంగతి. నేను దాన్ని అక్షరాలా నిజం చేశాను. కారుచౌకగా కొన్నాను, తెచ్చుకున్నది మాత్రం కొరివినే.

మా వీధిలోకి గ్యాసు పైపు రాలేదు. ఈ రాష్ట్రంలో చాలా ఇళ్ళకి ఇంకా చమురు బాయిలరే దిక్కు. లారీ వచ్చి ట్యాంకు నింపి, బిల్లు తలుపుకి తగిలించి పోతుంది. ఆ బిల్లు చూసిన రోజున చలి ముందు గుండెల్లో పుడుతుంది. అలాంటి ఒక రోజున ప్రకటన చూసి, అరువు తెచ్చిన వ్యాను వేసుకుని, కాంకర్డ్ దాటి ఇంకో గంట ఉత్తరానికి పోయాను. గరాజులో టార్పాలిను కింద ఉంది స్టవ్. కొత్తదైతే నాలుగు వేల డాలర్లు పలికేది 600కి ఇస్తానన్నాడు. ఎనభై దాటిన ముసలాయన. చేతులు వణుకుతున్నాయి గాని స్టవ్ మీద చెయ్యి వేసినప్పుడు వణకలేదు. “బాగా కాస్తుంది. మా ఆవిడకి చలెక్కువ” అన్నాడు. ఇల్లమ్మేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడట. చలెక్కువ అన్నాడో, చలెక్కువగా ఉండేది అన్నాడో నేను పట్టించుకోలేదు. అంత బరువుని వ్యానులోకి ఎలా ఎక్కించాలా అన్న లెక్కలో ఉన్నాను.

ఇలాంటి స్టవ్ చూడనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. సామిల్లు పొట్టుని ఆరబెట్టి, చిల్లుల అచ్చులోంచి గట్టిగా నొక్కితే పెన్సిలు లావు గుళికలొస్తాయి, చూడ్డానికి అచ్చం కోళ్ళ దాణా. జిగురేమీ కలపక్కర్లేదు. చెక్కలో ఉండే లిగ్నిన్ అనే పదార్థం ఆ ఒత్తిడికి పుట్టే వేడిలో మెత్తబడి, చల్లారాక బిగుసుకుని గుళికని పట్టి ఉంచుతుంది. బస్తా 40 పౌన్లు, అంటే మన 18 కిలోలు. 50 బస్తాలైతే ఇక్కడి టన్ను. 1973 నాటి చమురు కటకట తర్వాత పొట్టు వైపు జనం చూపు మళ్ళింది. ఇంట్లో పెట్టుకునే పెల్లెట్ స్టవ్‌ని 1980లలో తయారు చేసి అమ్మిన జెర్రీ విట్‌ఫీల్డ్ అంతకుముందు బోయింగ్‌లో విమానాల ఇంజనీరు. విమానాలవాడు చేసిన పొయ్యి కాబట్టి ఇందులో పొయ్యి తక్కువ, ఫ్యాన్లు ఎక్కువ.

పైన తొట్టిలో గుళికలు పోస్తాం. తొట్టి అడుగున రైసుమిల్లులో ధాన్యాన్ని జరిపే స్క్రూ లాంటిదే ఒకటుంటుంది, ఆగర్ అంటారు. అది ఆగి ఆగి తిరుగుతూ నాలుగేసి గుళికల్ని ఎత్తి మంటగిన్నెలో పడేస్తుంటుంది. ఒక ఫ్యాను పొగని లాగి బయటికి తోస్తుంది. అది లాగిన లాగుడుకే వేరే గొట్టంలోంచి బయటి గాలి మంట అడుగుకి వస్తుంది. ఇంకో ఫ్యాను గదిలో గాలిని కాలిన ఇనప గొట్టాల మీదుగా ఊది మన మీదికి పంపుతుంది. వీటన్నిటికీ పెత్తందారు ఒక సర్క్యూట్ బోర్డు. కరెంటు పోయిందా, ఇంత సంబరమూ చల్లారిపోతుంది. 2008 డిసెంబరులో ఇక్కడ గడ్డకట్టే వాన కురిసి లక్షల ఇళ్ళు చీకటైపోయినప్పుడు, కట్టెల పొయ్యి ఉన్నవాళ్ళు కాలు చాపుకుని కూర్చున్నారనీ, తొట్టినిండా గుళికలున్నవాళ్ళు దుప్పట్లు కప్పుకుని దాన్ని చూస్తూ కూర్చున్నారనీ మా పక్కింటాయన ఇప్పటికీ చెప్పి నవ్వుతాడు. ఆయనది కట్టెల పొయ్యి.

లైసెన్సున్న మనిషి వచ్చి గోడకి రెండు చిల్లులు పొడిచి, ఒకదాంట్లో పొగగొట్టం, ఒకదాంట్లో గాలిగొట్టం దూర్చి, స్టవ్‌ని మూలకి నెట్టి వెళ్ళాడు. నవంబరంతా అది బుద్ధిగా కాసింది. డిసెంబరులో చలి ముదిరేసరికి పూనకం వచ్చింది. 20 పెడితే 26. మంచు గడ్డకట్టే రాత్రుల్లో 28, 30. ఎండ కాసి చూరు నుంచి నీళ్ళు కారే రోజున మాత్రం మళ్ళీ చెప్పినమాట వినేది. బయట ఎంత చలైతే లోపల అంత వేడి. ఈ సంగతి మొదటివారంలోనే నా కళ్ళబడింది. చలెక్కువైతే స్టవ్ ఎక్కువ పనిచెయ్యదూ మరి, అని తోసేశాను. ఆఫీసులో నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. ఇంతకన్నా చెప్పను.

ముందు మేత తగ్గించాను. ఇంగ్లీషులో ఫీడ్ అంటారు కాబట్టి మా ఇంట్లో మేత అనే అంటాం. మేత తగ్గితే మంట చిన్నదైంది గాని ఆరదు. నాలుగు గంటల్లో ఎక్కించే వేడిని ఎనిమిది గంటల్లో ఎక్కించింది, అంతే. తర్వాత ఆగర్ మోటారు మీద అనుమానం వచ్చింది. పాత స్టవ్‌లలో మోటారు పోతే చేతికి దొరికింది బిగించేస్తారు. నిమిషానికి ఒక చుట్టు తిరగాల్సిన చోట రెండు చుట్లది పెడితే మంటకి రెట్టింపు భోజనం. ఇరుసు మీద సుద్దముక్కతో గీత గీసి, నేల మీద బోర్లాపడుకుని, ఫోనులో సెకండ్లు లెక్కపెట్టుకున్నాను. పెద్దాడు నా వీపు మీదెక్కి “ఇంకా తిరగలేదు, ఇంకా తిరగలేదు” అని వ్యాఖ్యానం చెప్పాడు. మోటారు తప్పేం లేదు.

వెనక పలక విప్పితే గదిలోకి గాలి ఊదే ఫ్యాను రెక్కలకి కుక్కబొచ్చు. దుమ్ము, బొచ్చు కలిసి కంబళీలా పట్టేసింది. గాలి ఆడకపోతే స్టవ్ వేడెక్కడం ఖాయం, దొంగ దొరికాడనుకున్నాను. పాత టూత్‌బ్రష్‌తో రెక్కరెక్కా తోమి మళ్ళీ బిగించాను. స్టవ్ ఒళ్ళు కాస్త చల్లబడింది. గది ఇంకా ఉడికింది. అవును మరి, అంతవరకు ఇనుములోనే చిక్కుకుపోయిన వేడిని ఇప్పుడు ఫ్యాను శుభ్రంగా మా మీదికి తోస్తోంది. మా ఆవిడ ఏమీ అనలేదు. చంటిదాని స్వెట్టరు విప్పి నా భుజం మీద వేసి వెళ్ళిపోయింది.

ఆ పలక వెనకే ఇంకోటి కనబడి నిజంగా గుండె జారింది. తొట్టి పక్కన రూపాయిబిళ్ళంత డిస్కు ఒకటి ఉంటుంది. వేడి హద్దు మీరితే అది ‘టక్’మని అవతలికి వంగి కరెంటు తెంపేస్తుంది, ఆగర్ ఆగిపోతుంది. నిప్పు వెనక్కి తొట్టిలోకి పాకకుండా ఉన్న కాపలా అది. ఆ డిస్కు రెండు కొసల్నీ ఎవరో చిన్న తీగముక్కతో కలిపేశారు. కాపలాదారు ఉన్నాడు, వాడి నోట్లో గుడ్డ కుక్కారు.

ఆ డిస్కు కథ నాకు చాలా ఇష్టం. మాకు ఎగువన ఉన్న మెయిన్ రాష్ట్రంలో చెక్కపని మిల్లులో బాయిలరు కాసే కుర్రాడు జాన్ స్పెన్సర్. బాయిలరుకున్న ఇనప తలుపు బాగా కాగినప్పుడు ‘టక్’మని ఒకవైపు ఉబికేది, చల్లారినప్పుడు ‘టక్’మని వెనక్కి లొట్టపడేది. చదువు పెద్దగా లేని కుర్రాడు, ఆ చప్పుడు ఎందుకొస్తోందని వెంటపడ్డాడు. రెండు లోహాల రేకుల్ని అతికించి చిన్న పళ్ళెంలా వంచితే, అనుకున్న వేడి దగ్గర అది సరిగ్గా అలాగే తిరగబడుతుందని కనిపెట్టాడు. 1920లలో దాని మీద కంపెనీయే లేచింది. ఇస్త్రీపెట్టెల్లోకీ మోటార్లలోకీ ఆ బిళ్ళ పాకింది. మెల్లగా వంగే రేకయితే కొసల మధ్య నిప్పురవ్వలు లేచి మాడిపోతాయి, ఇది ఒక్క ఉదుటున తిరుగుతుంది కాబట్టి ఆ బాధ లేదు. కట్టెపొట్టు కాల్చే బాయిలరు ముందు పుట్టిన తెలివి, వందేళ్ళకి కట్టెపొట్టు కాల్చే నా స్టవ్‌లోకే తిరిగొచ్చింది. వచ్చిందాన్ని ఇలా కట్టేశారు.

పదిహేను డాలర్ల డిస్కు. అది వచ్చేదాకా నాలుగురోజులు స్టవ్ ముట్టించలేదు. చమురు బాయిలరు మళ్ళీ తిరిగింది, అత్తయ్యగారు మళ్ళీ రెండు శాలువాలు కప్పారు. ఆ నాలుగురోజులూ ముసలాయన్ని మనసులో తెలుగులో తిట్టాను. ఫోను చేసి ఇంగ్లీషులో ఏమనాలో కూడా వాక్యాలు కట్టుకుని పెట్టుకున్నాను.

కొత్త డిస్కు బిగించాక నడిరాత్రి ఒకసారి ‘టక్’మని స్టవ్ ఆపింది. ప్రాణం నిమ్మళించింది. కాని అది గండం తప్పించిందే గాని జబ్బు కుదర్చలేదు. పొగదారిలో ఉండే సెన్సరు మీద బూడిద పేరుకుంటే ఉన్న వేడికన్నా తక్కువ చూపిస్తుందని చదివి, దాన్నీ మెత్తటి గుడ్డతో తుడిచాను. ఏమీ మారలేదు. ఇక మిగిలింది నేనొక్కణ్ణే.

నా లెక్క ఎక్కడ తప్పిందో చెప్పాలంటే స్టవ్ కోసం నేను దాటి వెళ్ళిన కాంకర్డ్ సంగతి చెప్పాలి. ఆ ఊరి పాతపేరు రమ్‌ఫర్డ్. అక్కడ బడిపంతులుగా కుదిరి, డబ్బున్న విధవరాలిని పెళ్ళాడి, అమెరికా స్వాతంత్ర్యపోరాటం రాజుకోగానే బ్రిటిషువాళ్ళ పక్షం చేరి పారిపోయిన బెంజమిన్ థాంప్సన్, తర్వాత యూరప్‌లో ప్రభువు బిరుదు వచ్చినప్పుడు ఆ ఊరి పేరే పెట్టుకుని కౌంట్ రమ్‌ఫర్డ్ అయ్యాడు. పెళ్ళాన్ని వదిలేసినవాడు ఊరి పేరు మాత్రం పట్టుకుపోయాడు. జర్మనీలో ఫిరంగి గొట్టాలు తొలిపించే పని చూస్తూ, ఆ రాపిడికి పుట్టే వేడికి అంతే లేదని గమనించాడు. ఫిరంగి గొట్టాన్ని నీళ్ళపెట్టెలో ఉంచి, మొద్దుబారిన తొలికికి ఆనించి గుర్రాల చేత తిప్పిస్తే, నిప్పు లేకుండా రెండున్నర గంటల్లో నీళ్ళు తెర్లాయి. వేడి అనేది వస్తువులో నిలవుండి బయటికి కారే సరుకు కాదనీ, అదొక కదలిక అనీ 1798లో రాశాడు. నేను 225 ఏళ్ళ తర్వాత కూడా సరుకు లెక్కే వేస్తున్నాను: ఇన్ని గుళికలు వెళ్ళాయి, ఇంత వేడి వచ్చింది, మేత ఎక్కడ ఎక్కువవుతోంది? రమ్‌ఫర్డ్ పొయ్యిలు కట్టినవాడు కూడా. గాలి దారి సరిచేస్తే సగం కట్టెతో వంటవుతుందని వంటిళ్ళ చుట్టూ తిరిగి చెప్పినవాడు. అదే మాట చెప్పడానికి నాకు గుడివాడ నుంచి మనిషి రావాల్సొచ్చింది.

ఆ రాత్రి కిటికీ ఎత్తింది చూసి అత్తయ్యగారు లేచి వచ్చి, అల్లుడి ముందు ఎప్పుడూ కూర్చోని మనిషి, పెద్దాడి చిన్న కుర్చీ లాక్కుని స్టవ్ ముందు కూర్చున్నారు. అరిచెయ్యి అద్దం ముందు కొద్దిసేపు ఆనించీ ఆనించకుండా పెట్టారు.

“సెగ ఎక్కువే ఉంది లెండి,” అని ఒప్పుకున్నారు మొదటిసారి. “ఇందులో ఏమేస్తారు?”

“పొట్టేనండీ. రంపప్పొట్టు గుళికలు.”

“పొట్టు పొయ్యా!” అన్నారు, పాత స్నేహితురాలిని బజార్లో చూసినట్టు.

ఆవిడ చిన్నతనంలో గ్యాసు లేదు, కిరసనాయిలు చీట్ల మీద. గుడివాడ సామిల్లు నుంచి గోతాల్లో పొట్టు తెచ్చుకునేవాళ్ళు. రేకుడబ్బాకి కింద పక్కన చిల్లి. ఆ చిల్లిలోంచి అడ్డంగా ఒక కర్ర, దాని మీద నిలువుగా ఒక సీసా. చుట్టూ పొట్టు పోస్తూ, కాసిని నీళ్ళు చిలకరిస్తూ, చేత్తో అణిచి అణిచి కూరాలి. అంచు దాకా కూరాక సీసాని తిప్పుతూ తిప్పుతూ, ఊపిరి బిగబట్టి పైకి లాగాలి. తర్వాత కర్ర. సరిగ్గా చేస్తే కింది చిల్లి నుంచి పై నోటిదాకా సొరంగం నిలబడుతుంది. వదులుగా కూరితే మంట మధ్యలో పెళ్ళ విరిగి కూలుతుంది, ఇల్లంతా పొగ. బాగా కూరిన పొయ్యి ఒక పూట వంట అయ్యాక కూడా లోపల్లోపలే కాలుతూ పాలకుండని సాయంత్రం దాకా కాస్తుంది. ఆవిడ ఇదంతా చెబుతున్నంతసేపూ చేతులు లేని సీసాని తిప్పి పైకి లాగుతూనే ఉన్నాయి.

“మా పెద్దబ్బాయి పుట్టిన పదకొండో రోజు తుపాను,” అన్నారు. 1977 నవంబరు 19. దివిసీమని ఉప్పెన మింగిన రోజు. సముద్రం వీళ్ళ ఊరిదాకా రాలేదు, గాలీ వానా వచ్చాయి. పెంకులు లేచిపోయాయి. కట్టెలు తడిశాయి, పిడకలు కరిగిపోయాయి. అటక మీద గాదె వెనక ఉన్న ఒక్క గోతాం పొట్టు పొడిగా మిగిలింది. సీసా పగిలిపోతే వాళ్ళమ్మ చీకట్లో పచ్చడిబండ నిలబెట్టి పొయ్యి కూరి, ముట్టించి, బాలింత మంచం కిందికి జరిపింది. రెండు రాత్రులు. “మా అమ్మ నిద్రపోలేదు. పొయ్యి పక్కనే నేల మీద కూర్చుని, ఆ చిల్లికి అడ్డంగా పెంకుముక్క పెట్టి, కాస్త జరుపుతుంది, మళ్ళీ మూస్తుంది. మంట లేవకూడదు, ఆరకూడదు. ఒకటే సెగ.” కాసేపు ఊరుకున్నారు. “తెల్లారాక తెలిసింది, కింద ఊళ్ళకి ఊళ్ళే లేవని.”

నేనేమీ అనలేకపోయాను. కిటికీ దించేశాను.

లేవబోతూ ఆవిడ స్టవ్ అటూ ఇటూ చూశారు. “పొట్టుదేముందండీ, ఎంతైనా కూరచ్చు. అంతా ఆ చిల్లి దగ్గరుంది. దీనికి గాలి ఎక్కడ్నుంచి వస్తుంది?”

“వెనక గొట్టం ఉందండీ.”

“చూశారా?”

చూడలేదు. పలక విప్పాను, ఫ్యాను తోమాను, మోటారు లెక్కపెట్టాను. గోడకీ స్టవ్‌కీ మధ్యనున్న జానెడు సందులోకి తల పెట్టలేదు. టార్చి పుచ్చుకుని, చెంప గోడకి ఆనించి చూశాను. బయటి గాలిని తెచ్చే గొట్టం మీద మంచు పొరకట్టి టార్చి వెలుగుకి తళతళలాడుతోంది. దానికి నల్ల టేపు చుట్టి ఉంది. టేపులో చుట్టలు చుట్టిన పొడుగాటి తీగ. తీగ కొసన, గొట్టానికి బుగ్గ ఆనించి, కందిగింజంత సెన్సరు.

గది ఎంత వెచ్చగా ఉందో బోర్డుకి చెప్పాల్సింది అదే. చలి పెరిగితే దానిలో కరెంటుకి అడ్డు పెరుగుతుంది, వేడెక్కితే తగ్గుతుంది, బోర్డు ఆ అడ్డుని చూసి మేత నిర్ణయిస్తుంది. దాన్ని తీసుకెళ్ళి మైనస్ 20 గాలి పారే గొట్టానికి కట్టారు. ఇల్లు ఉడికిపోతుంటే అది పాపం నిజమే చెబుతోంది: ఇక్కడ గడ్డకట్టి చస్తున్నాం, ఇంకా కాయండి. బోర్డు కాస్తుంది. మంట పెరిగితే ఫ్యాను ఇంకా గాలి లాగుతుంది, గొట్టం ఇంకా చల్లబడుతుంది, కబురు ఇంకా ఘోరంగా వెళుతుంది. స్టవ్‌లో ఏ భాగమూ తప్పు చెయ్యలేదు. అంత వినయంగా పనిచేసే యంత్రాన్ని నేను మూడు వారాలు పూనకమని తిట్టాను.

సెన్సరుని విప్పి అరిచేతిలో పెట్టుకున్నాను. వేళ్ళు జివ్వుమన్నాయి. గుప్పిట మూసి నిలబడ్డాను. కొంతసేపటికి గుళికలు పడే చప్పుడు పలచబడింది. ఇంకాసేపటికి మంట గిన్నెలోకి ముడుచుకుంది. అత్తయ్యగారు అద్దం ముందు చెయ్యి పెట్టి, “ఆ, ఇదీ సెగ” అన్నారు.

మర్నాడు ముసలాయనకి ఫోను చేశాను. ముందు సెన్సరు తీగ సంగతి అడిగాను. పదడుగుల తీగకి మధ్యలో అతుకు వేసి ముప్ఫై అడుగులు చేసి ఉంది, ఎందుకని. “మా ఆవిడ మంచం దాకా రావాలిగా,” అన్నాడు. ఆఖరి రెండేళ్ళు ఆమె వెనక గదిలోనే ఉండిపోయిందట. హాలు ఎంత ఉడికినా సరే, ఆమె తలగడ దగ్గర వెచ్చగా ఉండాలని సెన్సరుని అక్కడ పెట్టాడు. అమ్మేటప్పుడు ఎక్కడా ఊడిపోకుండా చుట్టచుట్టి గొట్టానికి టేపు వేశాడు. చెప్పడం మరిచిపోయానని మూడుసార్లు నొచ్చుకున్నాడు. డిస్కు గురించి అడిగాను. అది రాత్రిళ్ళు స్టవ్‌ని ఆపేసేదట. ఆమె చలికి మేలుకుని పిలిచేదట, ఆయనకి చెవులు సరిగ్గా వినబడవట. తీగ వేసింది అందుకు.

నేను కట్టుకున్న ఇంగ్లీషు వాక్యాలు ఒక్కటీ పనికిరాలేదు. కొత్త డిస్కు వేశానని మాత్రం చెప్పాను. మంచి పని చేశావన్నాడు.

ఇక సెన్సరు ఎక్కడ పెట్టాలన్నది ఇంట్లో నాలుగురోజుల చర్చ. స్టవ్ పక్కన పెడితే అది తన సెగ తానే చూసుకుని తొందరగా ఆరిపోతుంది, గదులు చల్లబడతాయి. వంటింట్లో పెడితే పప్పు ఉడికినంతసేపూ ఇల్లంతా వేసవి అనుకుంటుంది. పెద్దాడు తన మంచం కింద పెట్టమన్నాడు. చివరికి నడవా గోడకి, మనిషి కూర్చుంటే తల వచ్చే ఎత్తున, మేకు కొట్టి తగిలించాను. ఇల్లు 22 దగ్గర నిలబడింది. చంటిది తెల్లవార్లూ నిద్రపోయింది. మా ఆవిడ నా వైపు చూసి నవ్వింది, మూడు వారాల్లో మొదటిసారి. అత్తయ్యగారు స్వెట్టరు మీద శాలువా, శాలువా మీద ఇంకో శాలువా, మామయ్యగారి మంకీ క్యాపు, రెండు జతల మేజోళ్ళతో తిరుగుతున్నారు గాని పల్లెత్తు మాట అనలేదు. ఒకసారి మాత్రం నడవాలో ఆగి, “చలి సంగతి దానికి చెప్పేది ఈ గింజేనా?” అని అడిగారు. నా తెలివి చూపించుకునే అవకాశం వచ్చిందని థెర్మిస్టరు గురించి పావుగంట చెప్పాను. శ్రద్ధగా విన్నారు.

మూడోరోజు రాత్రి మళ్ళీ ఉక్కపోతకి మెలకువ వచ్చింది. 27. స్టవ్ అద్దం నిండా మంట. నడవాలోకి వెళ్ళి చూస్తే మేకు ఉంది, గింజ లేదు. తీగ పట్టుకుని నడిచాను. నడవా దాటి, గడప మీదుగా, బాలింత గదిలోకి, గోడవారగా పరిచిన ముసలాయన ముప్ఫై అడుగులూ సరిగ్గా సరిపోయాయి. కొస కిటికీ తెర వెనక, గాజుపలకకి ఆనించి ఉంది. జారిపోకుండా దాని మీద దూదిపింజె పెట్టి అణిచారు. తల్లీ పిల్లా నిద్రపోతున్నారు. కింద పరుపు మీద అత్తయ్యగారు కూడా నిద్రపోతున్నారు, లేదా కళ్ళు మూసుకున్నారు.

దూదిపింజె అలాగే ఉంచి, గింజని గాజు నుంచి బెత్తెడు ఇవతలికి జరిపాను.